లైడెన్ సంతలో ఆ నలుగురు ఏమయ్యారు?

అమ్మాయ్,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని. సెప్టెంబరు ఆఖరి శనివారం నలుగురు స్నేహితురాళ్లు రైలెక్కి నెదర్లాండ్స్‌లోని లైడెన్ ఊరు వెళ్లారు. కాలవ పక్కన సంతలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా డచ్ వాళ్ల తిళ్లన్నీ రుచి చూశారు. ఆరు పేజీలు, పదకొండు తినుబండారాలు. ఒక్కోదానికి ఒక్కో పేరా, ప్రతి పేరా చివర "చాలా రుచిగా ఉంది". అయినా నాకు నోరూరలేదు. తిన్న నలుగురిలో ఒక్కరి మొహమూ కనిపించలేదు.

చాలా ఏళ్ల కిందట నేనూ అరకు ప్రయాణం మీద ఇలాంటిదే రాసి ఓ పత్రికకు పంపాను. సంపాదకుడు మార్జిన్‌లో ఒకే మాట రాసి తిప్పి పంపాడు: "ఇవన్నీ తిన్నదెవరు?" వారం రోజులు బాధపడ్డాను. ఆ మాట ఇప్పుడు నీకు అందిస్తున్నాను. నువ్వు బాధపడినా ఫర్వాలేదు. నీ చెయ్యి మంచిది కాబట్టే ఇంత రాస్తున్నాను.

ముందు హారింగ్ అనే ఆ చేప సంగతి చూద్దాం. "పచ్చి చేప, నీచు వాసన, అయినా తిన్నాం" అని రెండు ముక్కల్లో తేల్చేశావు. అది పచ్చి చేప కాదమ్మా. ఉడికించరు, వేయించరు, నిజమే. కానీ చేప పట్టగానే చిన్న కత్తితో మొప్పలూ పేగులూ లాగేసి, క్లోమం మాత్రం లోపలే వదిలి, కాస్త ఉప్పు వేసి ఉంచుతారు. ఆ క్లోమంలోని ఎంజైములే కండను మాగబెడతాయి. అందుకే అది పళ్లకు పని చెప్పదు, వెన్నలా నాలుక మీద జారుతుంది. మా అబ్బాయి దగ్గర ది హేగ్‌లో ఏడాది ఉన్నప్పుడు, పావుగంట రైలు ప్రయాణమే కదా అని ఆ సంతకు చాలాసార్లు వెళ్లాను. బండివాడు నా కళ్లముందే తోలు ఒక్క లాగులో ఒలిచి, వెన్నుముల్లు తీసి, రెండు ముక్కలనూ తోక దగ్గర కలిపే ఉంచి, సన్నగా తరిగిన ఉల్లిపాయ చల్లి ఇచ్చాడు. తోక పట్టుకుని, తల వెనక్కి వంచి, నోట్లోకి దించుకోవాలి. మొదటిసారి నా చొక్కా కాలరు మీద ఉల్లిముక్కలు పడ్డాయి. పక్కన నిలబడ్డ ముసలాయన ఏమీ అనకుండా తన కాగితపు రుమాలు నా చేతిలో పెట్టాడు. హారింగ్ అంటే నాకు ఇప్పటికీ ఆ రుమాలే ముందు గుర్తొస్తుంది. మీ నలుగురిలో ముందు తల వంచిందెవరు? ఎవరు వెనక్కి తగ్గారు? అది రాయలేదు నువ్వు.

జూన్‌లో కొత్త హారింగ్ దిగినప్పుడు అక్కడివాళ్లు దాని కోసం ఎదురుచూస్తారు. మొదటి పీపాను వేలం వేసి, వచ్చిన డబ్బు మంచిపనులకు ఇస్తారు. నువ్వు దీన్ని ఉప్పుచేపతో పోల్చావు. రుచికి ఆ పోలిక నిలవదు. కొత్తావకాయ జాడీ తెరిచే రోజుతో పోల్చు, అప్పుడు మన పాఠకుడికి ఆ ఆత్రం అందుతుంది.

పోలికల విషయంలో ఇంకో మాట. పొఫ్ఫెర్చెస్ అనే చిన్న అట్లని "డచ్ గుంతపొంగనాలు" అన్నావు. గుంతల పెనం చూడగానే నాకూ అదే తట్టింది. కానీ అక్కడితో ఆగిపోయావు. అది పులిసిన దోసెపిండి కాదు, ఈస్టు వేసి పొంగించిన బక్‌వీట్ అనే గింజల పిండి, గోధుమపిండి. పైన వెన్న, మంచులా పంచదార పొడి. పోలిక పాఠకుణ్ణి గుమ్మం దాకా తీసుకొచ్చింది, బాగుంది. లోపలికి తీసుకెళ్లాల్సింది మాత్రం నువ్వే. అలాగే చీజ్‌ని "జున్ను" అని రాశావు, దయచేసి మార్చు. మన జున్ను ఈనిన గేదె తొలిపాలతో చేసేది. చీజ్ అంటే మన ఊళ్లో అందరికీ తెలుసు, చీజ్ అనే రాయి.

డ్రాప్ అనే బిళ్లలు నలుగురూ తిన్నారని రాశావు. ఎలా ఉందో మాత్రం రాయలేదు. నాకు అర్థమైంది. అతిమధురం వేరు రసంతో చేసే ఆ నల్లటి బిళ్లల్లో అమ్మోనియం క్లోరైడ్ కలిపిన ఉప్పటి రకం ఒకటి ఉంటుంది. మనవాళ్లు చాలామంది ఊసేస్తారు. మీలో ఎవరైనా ఊసేసి ఉంటే ఊసేశారని రాయి. ఆ దేశం మీద గౌరవం అందువల్ల తగ్గదు. అక్కడి పిల్లలు దాన్ని మనవాళ్లు చింతకాయ చప్పరించినంత ఇష్టంగా చప్పరిస్తారు, అదీ రాయి.

చరిత్ర దగ్గర కాస్త జాగ్రత్త. లైడెన్ ఊరికి హారింగ్ అంటే ఉత్త తిండి కాదు. స్పెయిన్ సైన్యం ఊరిని ముట్టడించి తిండి అందకుండా చేస్తే వేలమంది ఆకలితో, ప్లేగుతో పోయారు. డచ్ వాళ్లు తమ గట్లు తామే తెంచి పొలాల మీదికి నీళ్లు వదిలి, ఆ నీళ్ల మీద పడవల్లో వచ్చి, 1574 అక్టోబరు 3న ఊరికి తిండి చేర్చారు. తెచ్చినవి హారింగ్, తెల్ల రొట్టె. ఇప్పటికీ ఏటా ఆ రోజున ఊళ్లోవాళ్లకు ఆ రెండూ పంచుతారు. మీరు వెళ్లింది సరిగ్గా ఆ పండుగ ముందు శనివారం! ఆ రోజు తినే హుట్‌స్పాట్ అనే దుంపల కూరని పారిపోయిన సైన్యం వదిలేసిన కుండలో ఓ కుర్రాడు కనుక్కున్నాడని కథ. నువ్వు ఆ కుండలో బంగాళాదుంపలు కూడా వేసేశావు. అప్పటికి వాళ్ల వంటిళ్లలోకి బంగాళాదుంప రాలేదు, పాస్నిప్ అనే తెల్లటి దుంప ఉండేది.

ఇక లైడెన్ చీజ్. నీ వ్యాసం మొత్తానికి గుండెకాయ ఇదే, నువ్వేమో నాలుగు వాక్యాల్లో దాటిపోయావు. వెన్న తీసేసిన పాలతో చేస్తారు కాబట్టి గట్టిగా, పొడిగా ఉంటుంది. నిండా జీలకర్ర. పల్లెల్లో చేసే దాని మీద ఊరి గుర్తు, అడ్డంగా వేసిన రెండు తాళంచెవులు, ముద్ర వేస్తారు. "ఈ జీలకర్ర మన దేశం నుంచే వెళ్లింది" అని గర్వంగా రాశావు. ఆ వాక్యం కొట్టేశాను. రోమన్ల కాలానికే యూరప్‌కి జీలకర్ర తెలుసు. డచ్ వాళ్లకు మన తీరంతో నిజమైన బంధం వేరే ఉంది. 1602లో తమ ఈస్టిండియా కంపెనీ పెట్టుకున్న కొద్ది ఏళ్లకే మచిలీపట్నం వచ్చారు. ముఖ్యంగా బట్టల కోసం. ఇక్కడ కొన్న అద్దకం బట్టల్ని తూర్పు దీవుల్లో ఇచ్చి లవంగాలు, జాజికాయ కొనేవాళ్లు. భీమిలిలో వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. ఇంత ఉన్నప్పుడు లేని బంధం కల్పించడం ఎందుకు?

అయితే ఆ నాలుగు వాక్యాల్లో ఒకటి నన్ను ఆపేసింది. "చీజ్ ముక్క నోట్లో పెట్టుకుని మాలో ఒకమ్మాయి కాసేపు మాట్లాడలేదు." వెంటనే స్త్రోప్‌వాఫెల్ అనే పాకం బిస్కట్ల బండి దగ్గరికి వెళ్లిపోయావు. ఎందుకు మాట్లాడలేదు ఆ పిల్ల? జీలకర్ర పంటికింద పడగానే వాళ్లింట్లో పోపు చిటపట వినిపించిందా? ఇల్లు విడిచి ఎన్నాళ్లైంది? లేక చీజ్ నచ్చక మొహమాటంతో ఊరుకుందా? నాకు తెలియదు. నీకూ తెలియదేమో, తెలిసుంటే రాసేదానివి.

ఈ రాత్రికి ఆమెకు ఫోన్ చేసి అడుగు. చెప్పాక, రాసుకుంటానని అనుమతి కూడా అడుగు. తర్వాత ఆ చీజ్ ముక్క దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. మిగతా పదిట్లో ఎన్ని ఉంటాయో, ఎన్ని పోతాయో అప్పుడు చూద్దాం.

ఆశీస్సులతో,
మీ మాస్టారు