తెగింది వైరు, మార్చింది వాల్వు: డబ్బు వెనక్కి వస్తుందా?

ప్రశ్న: మాది రాజమండ్రి. మా పాత పెట్రోలు కారు సిగ్నల్ దగ్గర ఆపితే చాలు, ఊగిపోయి ఇంజిన్ ఆగిపోయేది. విజయవాడలో ఒక సర్వీస్ సెంటర్‌కి ఇస్తే ఐడిల్ వాల్వు (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ ఆగకుండా గాలి అందించేది) పోయిందని మార్చారు. తగ్గలేదు. తర్వాత థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసేది), ఆ తర్వాత ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్)... మొత్తం 38 వేలు వదిలాయి. అర్ధరాత్రి వంతెన మీద పిల్లలతో ఇరుక్కుపోయి నరకం చూశాం. మొన్న మా వీధి ఆటో ఎలక్ట్రీషియన్ చూసి, వాల్వుకి వెళ్లే వైరు బ్రాకెట్‌కి రాసుకుని లోపల తెగిందన్నాడు. 600కి బాగుచేస్తాడట, పాత తేదీతో రిపోర్టు కూడా ఇస్తాడట. మొదటి బిల్లు కట్టి 22 నెలలైంది. చీటింగ్ కేసు పెట్టి 5 లక్షలు రాబట్టవచ్చా?

సమాధానం: వంతెన సంగతి పక్కన పెట్టండి, కేసు తేలేది అక్కడ కాదు. పార్టులు మార్చేముందు వాళ్లు వైరు చెక్ చేశారా లేదా, అదొక్కటే ప్రశ్న. కారు బాగుకాలేదన్నంత మాత్రాన వినియోగదారుల చట్టం కింద సేవాలోపం అయిపోదు, నిరూపించాల్సింది మీరే.

జాబ్ కార్డులో (సర్వీస్ సెంటర్ రాసే రిపేరు వివరాల కాగితం) స్కానర్ కోడ్ ఏమైనా రాశారేమో చూడండి. పి0505 అని ఉంటే, ఐడిల్ కంట్రోల్‌లో ఎక్కడో తేడా ఉందని మాత్రమే అర్థం. వాల్వు పోయిందా, వైరు తెగిందా, కనెక్టర్ తుప్పు పట్టిందా అన్నది అది చెప్పదు. అది తేలాలంటే మల్టీమీటర్ పెట్టి కనెక్టర్ దగ్గర వోల్టేజీ, వైరుకి కంటిన్యుటీ (మధ్యలో ఎక్కడా తెగలేదా అని) చూడాలి. ఆ రీడింగులేవీ లేకుండా మూడు పార్టులు మార్చి ఉంటే మీ బలమంతా అదే. కానీ మార్చిన పాత పార్టులు అడిగి తీసుకోకుండా, మూడుసార్లూ ‘పని సంతృప్తికరం’ అన్నచోట సంతకం పెట్టి వచ్చి ఉంటే ఏమనాలి? చాలామంది చేసేది ఇదే.

పాత తేదీ రిపోర్టు మాట ఇంకెక్కడా ఎత్తకండి. తప్పుడు సాక్ష్యం సృష్టించడం నేరం. పైగా ఆ తేదీన కారు తమ షెడ్డులోనే ఉందని సర్వీస్ సెంటర్ వాళ్లు రిజిస్టర్ చూపిస్తే, చేతిలో ఉన్న నిజమైన కేసూ గంగలో కలుస్తుంది. చీటింగ్ కేసూ నిలవదు, దానికి మొదటినుంచే మోసం చేయాలన్న ఉద్దేశం చూపించాలి.

వైరు ఇప్పుడే అతికించవద్దు, మీ సాక్ష్యం అదే. ఫలానా రోజు తనిఖీ చేయిస్తున్నాం, రండి అని సర్వీస్ సెంటర్‌కి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. వాళ్లు వచ్చినా రాకపోయినా ఆ రోజు వీడియో, ఫొటోలు తీయించి, రీడింగులతో అసలు తేదీ వేసిన రిపోర్టు, ఎలక్ట్రీషియన్ అఫిడవిట్ తీసుకోండి. ఆ తర్వాతే రిపేరు, కోసిన వైరు ముక్క మాత్రం దాచండి. వీడియోకి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ) జతచేయాలి.

ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు, వినియోగదారుల రక్షణ చట్టం 2019 సెక్షన్ 69. చివరి రిపేరు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ ఆ రిస్కు ఎందుకు, మొదటి బిల్లు నుంచే లెక్కేసుకోండి. నోటీసులు పంపుతూ కూర్చుంటే గడువు ఆగదు. మీ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, విజయవాడ తిరగక్కర్లేదు. ఫీజుకి లెక్క మీరు అడిగే 5 లక్షలు కాదు, మీరు చెల్లించిన 38 వేలు, కాబట్టి ఫీజు లేదు. బిల్లుల సొమ్ము, వడ్డీ, ఖర్చులు, దానికి తగ్గ పరిహారం అడగండి. 5 లక్షలు అడిగితే మీ మీదున్న నమ్మకమే తగ్గుతుంది.