అత్తగారి స్థలంలో ఇల్లు: థాయ్‌లాండ్ పల్లెలో అల్లుడికి ఏ హక్కు దక్కుతుంది?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. రయోంగ్‌లో ఫ్యాక్టరీ ఇంజినీరుని, భారత పాస్‌పోర్టు. ఖోన్ కేన్ దగ్గరి పల్లె అమ్మాయితో నాలుగు నెలల్లో పెళ్లి. వాళ్లమ్మగారి పేరున ఉన్న ఒక రాయ్ స్థలంలో నా డబ్బుతో ఇల్లు కట్టాలనుకుంటున్నాం. పెళ్లికి ముందే ఆ స్థలాన్ని కూతురికి రాసిస్తామంటున్నారు. ఒక ఏజెంటు కంపెనీ పెట్టి కొనమంటున్నాడు, ఇంకొకాయన 90 ఏళ్ల లీజు రాయించుకోమంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దు. కూతురికి స్థలం రాసివ్వడం కూడా కొంతకాలం ఆపించండి. కారణం కింద చెబుతాను.

1954 నాటి ల్యాండ్ కోడ్ ప్రకారం పల్లెలో విదేశీయుడు స్థలం కొనలేడు. 4 కోట్ల బాట్ల పెట్టుబడి పెట్టినవారికి ఒక రాయ్ దాకా (1,600 చదరపు మీటర్లు, మన లెక్కలో సుమారు 1,914 గజాలు) అనుమతించే నిబంధన ఉంది కానీ, అది బ్యాంకాక్, పట్టాయా, మునిసిపాలిటీల వంటి చోట్లకే. థాయ్ వాటాదారుల పేర్లు అరువు తెచ్చుకుని కంపెనీ పెడితే అది బినామీ కిందికి వస్తుంది. 1999 నాటి విదేశీ వ్యాపార చట్టం 36వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష నుంచి పది లక్షల బాట్ల జరిమానా. పేరు అరువిచ్చినవాళ్లకీ అదే శిక్ష.

లీజు గరిష్ఠం 30 ఏళ్లు (సివిల్ కోడ్ 540). మూడేళ్లు దాటితే రిజిస్టర్ చేయాల్సిందే, లేదంటే మూడేళ్ల వరకే చెల్లుతుంది. '30+30+30' అన్న కాగితంలో తొలి 30కే పూచీ. పైగా లీజుదారు చనిపోతే లీజు కూడా సాధారణంగా ముగిసిపోతుంది. 90 ఏళ్ల మాట చెప్పేవాళ్లు అమ్మేది ఆశను.

మీకు సరిపోయేది సూపర్‌ఫిసీస్, అంటే పరాయి స్థలం మీద కట్టడాన్ని సొంతం చేసుకునే హక్కు (అదే సివిల్ కోడ్‌లో 1410 నుంచి 1416 సెక్షన్లు). ల్యాండ్ ఆఫీసులో దాన్ని 'సిత్థి నూఅ ఫూన్ దిన్' అని అడగండి. స్థలం అత్తగారిదే, ఇల్లు మాత్రం మీది. వేరుగా రాసుకుంటే తప్ప ఈ హక్కును బదిలీ చేయవచ్చు, వారసులకూ వెళ్తుంది. గడువు ముగిశాక కట్టడాన్ని తీసుకుపోవచ్చు, కానీ స్థలం యజమాని మార్కెట్ ధర ఇస్తానంటే సరైన కారణం లేకుండా కాదనలేరు. గడువు మాత్రం తప్పక రాయించండి. రాయకపోతే తగిన నోటీసుతో మీ ఇద్దరిలో ఎవరైనా ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. 30 ఏళ్లని రాయించడం మేలు. 'యజమాని జీవితకాలం' అని రాస్తే ఆవిడ పోయిన రోజే మీ హక్కు పోతుంది, 'నా జీవితకాలం' అంటే మీ పిల్లలకు మిగలదు.

ఇక రాసివ్వడం ఎందుకు ఆపమన్నానంటే: సివిల్ కోడ్ 1469వ సెక్షన్ ప్రకారం, పెళ్లయ్యాక భార్యాభర్తలు తమలో తాము చేసుకున్న ఆస్తి ఒప్పందాన్ని, పెళ్లి నిలిచి ఉన్నంతకాలం గానీ, రద్దయిన ఏడాదిలోపు గానీ వారిలో ఎవరైనా రద్దు చేయవచ్చు. స్థలం భార్య పేర ఉండి, పెళ్లి తర్వాత ఆమె మీకు హక్కు రాసిస్తే, గొడవ వచ్చిన రోజున ఆమె దాన్ని కొట్టివేయించగలదు. కాబట్టి అత్తగారి పేర ఉండగానే హక్కు రిజిస్టర్ చేయించుకుని, ఆ తర్వాత కూతురికి రాసివ్వమనండి. రిజిస్టరైన హక్కు స్థలంతో పాటే నడుస్తుంది. మామగారు ఉంటే, ఆ స్థలం దంపతుల ఉమ్మడి ఆస్తి అయితే, ఆయన సమ్మతి సంతకం కూడా కావాలి (1476). ఇది మరిచి పత్రం వెనక్కి వచ్చినవాళ్లు చాలామంది.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది పట్టా. ఎర్ర గరుడ ముద్ర ఉన్నది ఛనోట్ (పూర్తి యాజమాన్య పట్టా), ఆకుపచ్చది నోర్ సోర్ 3 గోర్: రెండింటి మీదా హక్కు రిజిస్టర్ చేయవచ్చు. సోర్ పోర్ కోర్ 4-01 భూసంస్కరణ భూమి, అక్కడ మీ పేర ఏ హక్కూ పుట్టదు. 2024 నుంచి ఇస్తున్న 'వ్యవసాయ ఛనోట్' ఆ భూమికే కొత్త పత్రం, పేరు చూసి మోసపోకండి. పోర్ బోర్ తోర్ 5 పన్ను రసీదే, పట్టా కాదు. అసలు పత్రం తిప్పి వెనుక రిజిస్ట్రేషన్ పట్టిక చదివించండి. ఈశాన్య థాయ్‌లాండ్‌లో పొలాలు వ్యవసాయ బ్యాంకుకు తాకట్టులో ఉండటం మామూలే. బ్యాంకు సమ్మతి లేకుండా ఆ పైన హక్కు రిజిస్టర్ చేస్తే, తాకట్టు అమలుకు వచ్చినప్పుడు మీ హక్కు చెరిగిపోవచ్చు (722).

రిజిస్ట్రేషన్ అయ్యాకే పునాది. ఆ ఊరి ఆర్ బోర్ తోర్‌లో (స్థానిక పాలక కార్యాలయం) భవన అనుమతికి దరఖాస్తు మీ పేర పెట్టి, దానికి స్థలం యజమాని సమ్మతి లేఖ జత చేయండి. విస్తీర్ణం 150 చదరపు మీటర్లు దాటితే లైసెన్సు ఉన్న ఆర్కిటెక్టు సంతకం కావాలి. మేస్త్రీ కాంట్రాక్టు, ఇటుక, సిమెంటు, ఇనుము బిల్లులు అన్నీ మీ పేరుతోనే ఉండాలి. రేపు ఇల్లు మీదని కోర్టులో చెప్పేవి ఆ కాగితాలే. ఇల్లు పూర్తయ్యాక 15 రోజుల్లో తెలియజేస్తే ఇంటి నంబరు, తబియన్ బాన్ (ఇంటి రిజిస్టర్ పుస్తకం) ఇస్తారు. నీలం పుస్తకం థాయ్‌లకు, పసుపు పుస్తకం మీకు. ఏదీ యాజమాన్య పత్రం కాదు, ఎవరు నివసిస్తున్నారో చెప్పే రికార్డు మాత్రమే. రోజూ ఎవరో ఒకరు దీన్ని పట్టా అనుకుంటూనే ఉంటారు.

పెళ్లయ్యాక సంపాదించిన జీతంతో కడితే ఇల్లు ఉమ్మడి ఆస్తి, విడాకుల్లో సగం ఆమెది. పెళ్లికి ముందు దాచుకున్న డబ్బుతో కడితే అది మీ సొంత ఆస్తిగా నిలబడుతుంది, కానీ రుజువు భారం మీదే. అందుకే ఆ డబ్బును వేరే ఖాతాలో ఉంచి, కాంట్రాక్టరుకు నేరుగా బ్యాంకు ద్వారా చెల్లించండి. నగదు వద్దు.

భారత్ వైపు ఒక మాట. మీరు ప్రవాసిగా ఉండగా సంపాదించిన విదేశీ ఆస్తిని తిరిగొచ్చాక కూడా ఫెమా (విదేశీ మారక నిర్వహణ చట్టం) 6(4) ప్రకారం అట్టిపెట్టుకోవచ్చు. కానీ పన్ను లెక్కలో సాధారణ నివాసిగా మారిన సంవత్సరం నుంచి రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టిక అయిన షెడ్యూల్ ఎఫ్‌ఏలో ఆ ఇంటిని చూపించాలి. చూపకపోతే 2015 నాటి నల్లధన చట్టం కింద పది లక్షల రూపాయల జరిమానా పడవచ్చు.