పాఠకుల సందేహాలు: ఎంట్ల స్త్రీలు ఏమయ్యారు?

ప్రశ్న: టాల్కిన్ నవల ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’లో నడిచే చెట్లవంటి ఎంట్లు, దూరమైన తమ స్త్రీల కోసం యుగాలుగా వెతుకుతుంటారు. ఆ స్త్రీలు పొట్టి మనుషులైన హాబిట్ల దేశం షైర్‌కు ఉత్తరాన ఉన్నారని నా గదిలో ఉండే మిత్రుడు బిర్యానీ పందెం కాశాడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: మీ మిత్రుడికి ఉన్న సాక్ష్యం ఒక్కటే, అదీ పానశాలలో పుట్టినది. తన బంధువు హాల్ షైర్ ఉత్తరపు బీళ్ళలో ఎల్మ్ చెట్టంత ఎత్తున, అంగకు ఏడు గజాల చొప్పున నడిచిపోయే ఆకారాన్ని చూశాడని శామ్ అనే హాబిట్ అక్కడ అంటాడు. చూసింది ఎల్మ్ చెట్టునే అయి ఉంటుందని టెడ్ అనే మరో హాబిట్ ఎగతాళి చేస్తే, ఆ బీళ్ళలో ఎల్మ్ చెట్లే లేవంటాడు శామ్. అయితే హాల్ చూసి ఉండడు పొమ్మంటాడు టెడ్.

ఎంట్ల పెద్ద ట్రీబియర్డ్ తమ స్త్రీలను గురించి చెప్పేది దీనితో పొసగదు. వాళ్ళు అడవిని కాదని పండ్ల చెట్లనూ, పంట చేలనూ, చెప్పినట్టు పెరిగే తోటలనూ కోరుకున్నారు. పనితో నడుము వంగి, ఎండకు జుట్టు పండిన చేను రంగుకు తిరిగినా, బుగ్గలు మాత్రం యాపిల్ పండ్లలా ఎర్రగా ఉన్న రూపమే అతనికి గుర్తు. తోటపని అంత ప్రాణమైన వాళ్ళకు బీడు నేలలో ఏం పని? హాల్ చూసింది మగ ఎంటునేమో అని నా అనుమానం.

తొలి సంపుటం వెలువడటానికి మూడు నెలల ముందు, 1954 ఏప్రిల్‌లో రాసిన లేఖలో, ఆ కథాలోకపు లెక్కలో రెండో యుగం 3429 నుంచి 3441 వరకు సాగిన యుద్ధంలో వాళ్ళు తోటలతో పాటే నశించారని అనుకుంటున్నట్టు టాల్కిన్ చెప్పారు; కొందరు తూర్పుకు పారిపోయో, బానిసలయ్యో ఉండవచ్చని కూడా అన్నారు. ‘అనుకుంటున్నాను’ అన్న మాటను మీ మిత్రుడు పట్టుకుంటే కాదనను; రచయిత వదిలేసిన ఖాళీని ఇతరులు నింపుకోవడం కొత్తేమీ కాదు. వాల్మీకి పెద్దగా పట్టించుకోని ఊర్మిళకు మన స్త్రీలు పద్నాలుగేళ్ళ నిద్రను పాటగా అల్లి ఇచ్చారు కదా. అయినా ఆ లేఖలో వాళ్ళను గురించి రాసిన చోట షైర్ మాట లేదు కనుక, బిర్యానీ మీకే రావాలి.

ప్రశ్న: అదే నవలలో, తొడుక్కున్నవారిని మాయం చేసే ఉంగరం టామ్ బొంబడిల్ అనే పాత్ర మీద ఎందుకు పనిచేయదు? అసలు అతనెవరు?
– ఒక పాఠకురాలు, అంబత్తూరు, చెన్నై

జవాబు: పురాణ కాలంలోనైనా కొన్ని చిక్కుముడులు ఉండి తీరాలనీ, బొంబడిల్‌ను కావాలనే అలా ఉంచాననీ టాల్కిన్ పైన చెప్పిన 1954 లేఖలోనే రాశారు. ఉంగరం తొడుక్కున్నా మాయం కాకుండా, దాన్నే గాలిలోకి ఎగరేసి మాయం చేసి, నవ్వుతూ, దాన్ని మోస్తున్న హాబిట్ ఫ్రోడో చేతికి తిరిగిచ్చినవాడు అతను. అతనెవరన్న ప్రశ్నే ఫ్రోడో బొంబడిల్ భార్య గోల్డ్‌బెర్రీని అడిగితే, ఆమె అతను ఉన్నాడని మాత్రమే మొదట చెబుతుంది. అంతకంటే పొడుగు జవాబు నా దగ్గర లేదు.