చీర కట్టింది మీ నాయన, సిగ్గుపడింది మీరు

ఉత్తరం: మాది తిరుపతి. తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచిపోయేంత దూరంలో ఇల్లు. నాకు 33 ఏళ్లు, బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఆవిడది విజయవాడ. నాయన ఆర్టీసీ కండక్టరు, కొండ బస్సుల్లో చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు నాకు అమ్మవారు పోస్తే మొక్కుకున్నాడంట. అప్పట్నుంచి ప్రతి జాతరకూ చీర కట్టుకుని గుడికి పోతాడు. ఇంటర్ దాకా నేనూ కట్టేవాణ్ణి. పోయిన జాతరకు నాయన తన వేషం ఫొటో ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మా ఆవిడ, బామ్మర్దులు నవ్వుల బొమ్మలు పెట్టారు. మొహమాటానికి నేనూ పెట్టాను. ఆ రాత్రి నాయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఓ పెద్ద సినిమాలో హీరో చీరకట్టుతో జాతర ఆడేసరికి, అదే బామ్మర్దులు ఈసారి జాతరకు వస్తాం, మావయ్యగారితో సెల్ఫీ దిగుతాం అంటున్నారు. నాకూ గర్వంగానే ఉంది. నాయనేమో ఈ ఏడాది కట్టనంటున్నాడు. ఇంతలో ఆఫీసు వర్క్‌షాపులో ‘నేను ఎవరు’ అని ఇరవై వాక్యాలు రాయమన్నారు. సగంలో ఆగిపోయాను. రాసినవాటిలో మా ఊరు లేదు, మా ఇల్లు లేదు. బెంగుళూరులో ఒక మనిషిని, తిరుపతిలో ఇంకో మనిషిని. ఇందులో అసలు నేను ఎవరు? మన సంస్కృతి నన్ను వెనక్కి లాగుతోందా? నాయన బదులు ఈసారి నేను వేషం కట్టాలా, వద్దా?

జవాబు: మీ చివరి ప్రశ్నను ముందే వదిలించుకుందాం. కట్టాలనిపిస్తే కట్టండి, లేదంటే మానుకోండి. గంగమ్మ హాజరుపట్టీ రాసుకోదు. ఆ ప్రశ్న కోసం మీరు ఇంత పెద్ద ఉత్తరం రాశారంటే నేను నమ్మను.

ఉత్తరం నిండా సంస్కృతి, వ్యక్తిత్వం అని పెద్ద మాటలున్నాయి. ‘ఆ రాత్రి నాయన గ్రూపులోంచి వెళ్లిపోయాడు’ అన్నది మాత్రం ఒక్క వాక్యం. మర్నాడు ఆయనకు ఫోన్ చేశారా, ఆయన ఏమన్నాడు, ఆ సంగతి రాయలేదు. రాయలేదంటే మాట్లాడలేదనే అనుకుంటున్నాను. జాతర అయి ఇన్ని నెలలైంది. ఈ మధ్యలో బీపీ మాత్రలు వేసుకున్నావా, డబ్బులు పడ్డాయా అని తప్ప ఇంకేమీ మాట్లాడుకుని ఉండరు. నెలనెలా డబ్బు పంపితే కొడుకు పని అయిపోయిందనుకునే ఇళ్లు మన ఊళ్లో వీధికి నాలుగున్నాయి.

మీ ఆవిడ సంగతి ముందు తేల్చేస్తాను, లేకపోతే తప్పంతా ఆమె మీదికి తోసేస్తారు. ఆమె పుట్టి పెరిగిన చోట ఈ జాతర లేదు. మామగారు చీర కట్టుకుంటాడన్న సంగతి ఆమెకు మొదట చెప్పింది ఎవరు? మీరే. ఎలా చెప్పారు? నాకు అమ్మవారు పోసి, ఇంట్లో ఆశ వదులుకున్నప్పుడు మొక్కుకున్నాడని చెప్పారా? ‘మా నాయన ఏటా ఏం చేస్తాడో తెలుసా’ అని నవ్వుతూ మొదలుపెట్టారా? ఆ ఫొటో చూసి నవ్వొచ్చని ఆమెకు ముందే తెలుసు, మీ దగ్గర నేర్చుకుంది. బామ్మర్దులు ఆమె దగ్గర నేర్చుకున్నారు. ఆ నవ్వులన్నిటి మధ్యలో మీ నాయన వెతుక్కున్నది మీ పేరు. మీ పేరు పక్కనా నవ్వే ఉంది.

ఆ ఫొటో వెనక ఇంట్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. తెలిసీ పక్కన పెట్టేశారు కాబట్టి నేను గుర్తు చేస్తాను. మా వీధిలో ఏటా చూసేదే. బీరువాలోంచి పట్టుచీర తీసేది ఇంటి ఆడమనిషే. కుచ్చిళ్లు పెట్టేదీ ఆవిడే. ఎన్నేళ్లు కట్టినా మగవాడికి కుచ్చిళ్లు రావు, మధ్యలో జారిపోతే వీధిలో పట్టుకుని నిలబడాలి, అందుకని నడుం దగ్గర రెండు పిన్నీసులు ఎక్కువే గుచ్చుతుంది. మొహానికి పసుపు, రూపాయి బిళ్లంత బొట్టు, సవరానికి మల్లెపూలు, చేతినిండా గాజులు. మీసం మటుకు అలాగే ఉంటుంది. అమ్మవారు మీసం తీయమని ఎవరినీ అడగలేదు. ఆ మీసంతో, ఆ చీరతో మే నెల ఎండలో రోడ్డెక్కి నడుస్తాడు. దారిలో తెలిసినవాళ్లు పలకరిస్తారు, పిల్లకాయలు నవ్వుతారు. ఆ నవ్వు ఎవరికీ తగలదు. వారం రోజులూ ఊరి లెక్కే వేరు మరి. చాటింపు వేశాక పొలిమేర దాటకూడదంటారు పెద్దలు. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం అని రోజుకొకటి. బండ వేషం నాడు బూతులు తిడితే కూడా కోపం తెచ్చుకోరు.

అదే ఊరు మిగతా ఏడాదంతా ఎలా ఉంటుంది? ‘గాజులు తొడుక్కున్నావా’ అంటే మగవాళ్లు కొట్టుకునేదాకా పోతారు. ధర్నాల్లో అధికారిని అవమానించాలంటే చీర, గాజులు తీసుకుపోయి టేబుల్ మీద పెడతారు. మనిషి అదే, చీర అదే, వీధి అదే. క్యాలెండరు మారితే ఒకటి భక్తి, ఇంకొకటి పరువు తక్కువ. మనల్ని మనం ఏమనుకోవాలో మనమే తేల్చుకుంటున్నామని గొప్పగా అనుకుంటాం గానీ, దాంట్లో సగం ఊరు తేల్చి పెట్టిందే.

జాతర కథ కూడా మర్చిపోయి ఉంటారు. కొత్త పెళ్లికూతుళ్లను తన దగ్గరికి పంపమన్న పాలెగాడు ఒకడు. తిరుపతి పక్కనే అవిలాలలో పెరిగిన గంగమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఆమె అసలు రూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషంలో వెతికింది. దొర వేషంలో వచ్చిన రోజు, ఎవరో దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చి ఆమె చేతిలో చచ్చాడు. మర్నాడు మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్ని ఓదార్చింది కూడా. ఆడవాళ్ల జోలికొచ్చినవాణ్ణి చంపిన తల్లి ముందుకు మగవాళ్లు చీర కట్టుకుని పోవడంలో నవ్వాల్సింది ఏముంది? మగవాడు చీర కడితే నవ్వొస్తోందంటే, చీర కట్టేవాళ్లు ఒక మెట్టు కింద అన్న లెక్క లోపలెక్కడో ఉంది. మీ ఆవిడ కూడా నవ్వింది కదా అంటారేమో. నవ్వుతుంది. ఆ లెక్క ఆడపిల్లలకూ ఉగ్గుపాలతోనే పోస్తారు. దీని గురించి ఇంకో ఉత్తరానికి జవాబు రాయొచ్చు, ఇప్పటికి వదిలేస్తున్నాను.

మీ ఉత్తరంలో నన్ను గుచ్చింది మీ సిగ్గు కాదు. సిగ్గుపడిన కొడుకులు చాలామంది రాస్తుంటారు. గుచ్చింది ‘నాకూ గర్వంగానే ఉంది’ అన్న మాట. చార్ల్స్ హార్టన్ కూలీ అని ఒక అమెరికా సమాజశాస్త్రవేత్త 1902లోనే చెప్పాడు: నేను ఎదుటివాళ్లకు ఎలా కనిపిస్తున్నానో ఊహించుకుంటాను, వాళ్లు నన్ను ఏమనుకుంటున్నారో ఊహించుకుంటాను, ఆ ఊహను బట్టి గర్వమో సిగ్గో పడతాను. ఎదుటివాళ్లు నాకు అద్దం అన్నమాట. మీ విషయంలో ఆ అద్దం మీ బామ్మర్దులు. వాళ్లు నవ్వితే మీకు సిగ్గేసింది. సినిమా చూసొచ్చి ఆహా అంటే గర్వమేసింది. ఈ మధ్యకాలంలో మీ నాయన చేసిందేమీ లేదు, ఫొటో కూడా అదే ఫొటో. అంటే అప్పుడూ ఇప్పుడూ మీరు ఆయన్ని మీ కళ్లతో చూడలేదు.

ఈ సంగతి మీకంటే ఆయనకు ముందే అర్థమైంది. అందుకే కట్టనన్నాడని నా నమ్మకం. నవ్వారని అలిగి ఉంటే పోయిన ఏడాదే ఆ మాట అనేవాడు. సినిమా వచ్చాక, సెల్ఫీల మాట మొదలయ్యాక అన్నాడు. మొక్కు చూడ్డానికి రావడం వేరు, వేడుక చూడ్డానికి రావడం వేరు. ఆ తేడా తెలిసిన మనిషి తప్పుకున్నాడు. దీన్ని ఇంట్లో ఎవరూ ముసలితనం మొండితనం అనకుండా చూసుకోండి. అది ఆత్మాభిమానం, దాన్ని నేను తప్పు పట్టను.

ఇక ఆ ఇరవై వాక్యాలు. అవి పట్టుకుని ఇంత బెంగపడాల్సిన పని లేదు. మాన్‌ఫర్డ్ కూన్, థామస్ మెక్‌పార్ట్‌లాండ్ అని ఇద్దరు 1954లో అమెరికాలో ప్రచురించిన పరీక్ష అది. 1989లో స్టీవెన్ కజిన్స్ అనే పరిశోధకుడు దాన్ని అమెరికా విద్యార్థులకూ జపాన్ విద్యార్థులకూ ఇచ్చి చూశాడు. అమెరికా పిల్లలు నేను చురుకైనవాణ్ణి, నేను పట్టుదల గలవాణ్ణి అన్న ధోరణిలో గుణాలు రాసుకుంటూ పోయారు. జపాన్ వాళ్లు గుణాలు తక్కువగా, సమాజంలో తమ స్థానం ఏమిటన్నది ఎక్కువగా రాశారు. వాళ్లకు సొంత వ్యక్తిత్వం లేదనుకునేరు. ఇంట్లో ఉన్నప్పుడు నేను, స్నేహితులతో ఉన్నప్పుడు నేను అని చోటు చెప్పి అడిగేసరికి లెక్క తిరగబడింది, జపాన్ వాళ్లే గుణాలు ఎక్కువ రాశారు. ఎక్కడ, ఎవరితో అన్నది చెప్పకుండా నేనెవరు అనడిగితే కలం ఆగిపోయే మనుషులు ప్రపంచంలో చాలామందే ఉంటారు. మీ కలం ఆగినందుకు డాక్టరు అక్కర్లేదు. రాసినవాటిలో ఇల్లు లేకపోవడం మాత్రం ఆలోచించాల్సిందే.

రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటున్నానని మీ బాధ కదా. మీ నాయన ఉద్యోగం గుర్తుందా? కొండ బస్సు కదిలేలోపు టికెట్లు కొట్టాలి. ముందు సీట్లో సేలం నుంచి వచ్చిన కుటుంబం, వాళ్లతో అరవం. వెనక కోలారు వాళ్లు, వాళ్లతో కన్నడం. కిటికీ పక్కన ఉత్తరాది ముసలామె, ఆమెతో వచ్చీరాని హిందీ. డ్రైవరుతో మన చిత్తూరు యాస. సాయంత్రం ఇంటికొస్తే ఇంకో మాట, జాతరొస్తే చీర. ఇన్నిట్లో అసలు నేనెవడబ్బా అని ఆయన ఏ రాత్రయినా నిద్ర మానుకున్నాడా? ఏ చోట ఉన్నా ఇంకో చోటివాళ్లను ఎగతాళి చేయాల్సిన అవసరం ఆయనకు రాలేదు. మీకు వచ్చింది. మీరు బెంగుళూరులో ఒకలా ఉండటం వల్ల ఎవరికీ నష్టం లేదు. అక్కడివాళ్ల ముందు, అత్తవారి ముందు మెప్పు కోసం ఇంటివాణ్ణి నవ్వులపాలు చేశారు చూడండి, నిద్ర పట్టనివ్వనిది అదీ. దానికి సంస్కృతి అని పేరు పెట్టి నాకు రాశారు.

ఇప్పుడు చేయాల్సింది. ఫోన్లో సారీ చెప్పకండి. ‘దానికేముందిరా’ అని పెట్టేస్తాడు. మీ మనసు తేలికవుతుంది, ఆయనది అవదు. చాటింపు వేయకముందే ఒక్కరే తిరుపతికి రండి. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి లీలామహల్ సర్కిల్‌లో దిగుతారు, ఇదేమీ అమెరికా కాదు. వచ్చి ఆ మొక్కు కథ మొదట్నుంచీ చెప్పమని అడగండి. మీకు అమ్మవారు పోసినప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు, డ్యూటీకి సెలవు దొరికిందా, మొదటిసారి కట్టినప్పుడు డిపోలో తోటివాళ్లు ఏమన్నారు, మొదటి చీర ఎవరిది. ఊరికే ‘మొక్కుకున్నాడంట’ అని మీరు రాసిన వాక్యంలో ఆ ‘అంట’ పోవాలి. ఆయన చెబుతుంటే ఫోన్ తీసి వీడియో పట్టకండి.

ఆయన బదులు నేను కడతానని మీ అంతట మీరు బయల్దేరకండి. మీ ప్రాణం కోసమే అయినా మొక్కుకున్నది ఆయన. కట్టమని ఆయన నోటితో అంటే అప్పుడు కట్టండి, కుచ్చిళ్లు మీ అమ్మ పెడుతుంది. ఆయన ఏమీ అనకపోతే పక్కన నడిచి గుడికి పోయి రండి.

నవ్వింది నలుగురిలో కాబట్టి సరిచేయడం కూడా నలుగురిలోనే జరగాలి. ఇందులో నేను రాజీ పడను. అదే గ్రూపులో రాయండి: నేను బతకాలని మా నాయన కట్టిన చీర అది, ఆ రోజు నేను నవ్వడం తప్పు. అంతే, వివరణలు వద్దు. రాయడానికి ముందు మీ ఆవిడను కూర్చోబెట్టి మొక్కు సంగతి, ఈసారి నవ్వు లేకుండా, చెప్పండి. గ్రూపులో చూసి తెలుసుకునే గతి ఆమెకు పట్టించకండి. ఆమె మంచిదే అయి ఉంటుంది, విన్నాక మామగారికి తానే ఫోన్ చేస్తుంది. చేయకపోయినా బలవంతం చేయొద్దు, ఇది మొదట మీరు తీర్చాల్సిన బాకీ. ఆయన్ని మళ్లీ గ్రూపులో చేర్చే పని కూడా పెట్టుకోకండి, రావాలనిపిస్తే చెబుతాడు.

బామ్మర్దులు జాతరకు రావచ్చా లేదా అన్నది ఇంటి పెద్దను అడగండి. సరే అంటే వాళ్లూ తలస్నానం చేసి గుడికి వస్తారు, ఫోన్లు ఇంట్లో పెట్టి. వద్దంటే ఆ మాట మీరే ఫోన్ చేసి వాళ్లకు చెప్పండి, మీ ఆవిడతో చెప్పించకండి.