మిల్లు ఊళ్ళ మీదుగా సైకిల్ దారి

ప్రశ్న: నమస్తే మేడం. మాది వరంగల్. మా బాపు ఆజంజాహీ మిల్లుల పనిచేసిండు, ఆ మిల్లు సైరన్ విని బడికి తయారైనోణ్ణి నేను. ఇప్పుడు నాకు 63 ఏండ్లు, అమెరికాల రోడ్ ఐలాండ్ రాష్ట్రం, క్రాన్‌స్టన్ల బిడ్డ దగ్గర ఉన్న. ఇక్కడ పాత రైలు పట్టాలు తీసేసి తారు పోసిన సైకిల్ దారి ఉంది, వాషింగ్టన్ సెకండరీ అంటున్నరు, పాత బట్టల మిల్లుల ఊర్లల్లకెళ్ళి పోతదట. సైకిల్ తొక్కక ఇరవై ఏండ్లయింది. పోవచ్చా, పోతే ఏం చూడాలె? ఇంకోటి, మా అల్లుడి బనీన్ మీద ఉండే ఫ్రూట్ ఆఫ్ ద లూమ్ ఇక్కడిదేనట, నిజమేనా?
(ఒక పాఠకుడు)

జవాబు: అన్నగారూ, హాయిగా వెళ్ళండి. నేను రెండేళ్ళు ఆ దగ్గర్లోనే ఉన్నాను, ఎన్ని సాయంత్రాలు ఆ దారి మీద తిరిగానో లెక్కలేదు. రైలింజన్ నిటారు ఎత్తు ఎక్కలేదు కదా, అందుకే 1854లో ఆ లైన్ వేసినవాళ్ళు గుట్టలు తవ్వి పల్లాలు పూడ్చి దారంతా దాదాపు చదును చేసి పెట్టారు, అది ఇప్పుడు మన మోకాళ్ళకి కలిసొచ్చింది. పేరు చూసి రాజధాని వాషింగ్టన్ అనుకోకండి, కావెంట్రీ అనే టౌన్లో వాషింగ్టన్ అని చిన్న మిల్లు ఊరుంది, సెకండరీ అంటే రైల్వేవాళ్ళ లెక్కలో మెయిన్ లైన్ కాని లైన్. మొత్తం దారి సుమారు 19 మైళ్ళు, అంటే 30 కిలోమీటర్లు. అంతా ఒకేరోజు తొక్కాలని పెట్టుకోవద్దు.

ముందు బ్రేకుల సంగతి, ఇది చాలామంది చెప్పరు. మన సైకిళ్ళకి మామూలుగా కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, అక్కడ ఎడమచేతిది ముందు చక్రానిది. పాత అలవాటుతో కంగారులో ఎడమది గట్టిగా నొక్కితే ముందుకి తూలిపడతారు, అందుకని ఇంటి ముందు పది నిమిషాలు మెల్లగా తొక్కుతూ ఏ చేయి నొక్కితే ఏ చక్రం ఆగుతోందో చూసుకోండి. దారి మీద కుడివైపే ఉండండి. వెనక నుంచి ఎవరైనా "ఆన్ యువర్ లెఫ్ట్" అంటే మిమ్మల్ని ఎడమకి జరగమని కాదు, ఎడమవైపు నుంచి దాటుతున్నామని చెప్తున్నారు, మీరు కుడికే ఉండిపోవాలి. రోడ్లు అడ్డం వచ్చిన ప్రతిచోటా దిగి ముందు ఎడమ పక్క చూడండి, కార్లు అటునుంచే ముందొస్తాయి, మనకి కుడి చూడటం అలవాటు కదా. హెల్మెట్ పెట్టుకోండి, నీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.

ఇక చూడాల్సింది. మీ అమ్మాయిని వెస్ట్ వారిక్‌లో రివర్‌పాయింట్ దాకా కారులో దింపమనండి. పాటక్సెట్ నది రెండు పాయలు అక్కడే కలుస్తాయి, ఆ పేరు అందుకే. అక్కడ రాయల్ మిల్ ఉంది, 1890లో కట్టిన పెద్ద రాతి బిల్డింగ్, టవర్ కూడా ఉంది, ఇప్పుడు అపార్ట్‌మెంట్లు చేశారు. సైకిల్ స్టాండ్ వేసి కాసేపు అక్కడ నిలబడండి. మిల్లు పక్కనే నదికి అడ్డంగా కట్టిన ఆనకట్ట మీంచి నీళ్ళు దూకుతుంటాయి, ఆ హోరు వింటే మిల్లు అక్కడే ఎందుకు కట్టారో ఎవరూ చెప్పక్కర్లేదు. కరెంటు రాకముందు ఆ నీటి జోరుతోనే చక్రం తిరిగేది, చక్రానికి షాఫ్టు, షాఫ్టుకి బెల్టులు, ఆ బెల్టులతో అంతస్తు అంతస్తుకీ మరమగ్గాలు ఆడేవి. నదిలో నీరు పల్లానికి దిగిన చోటల్లా ఒక మిల్లు, మిల్లు చుట్టూ కార్మికుల ఇళ్ళు, అదే ఒక ఊరు. నేటిక్, రివర్‌పాయింట్, ఆర్కిటిక్, ఆంథనీ, వాషింగ్టన్, ఇవన్నీ అలా పుట్టినవే. పనివాళ్ళలో చాలామంది కెనడా నుంచి వచ్చిన ఫ్రెంచ్ మాట్లాడే కుటుంబాలు. దూది బేళ్ళు లోపలికి తేవడానికి, గుడ్డ బయటికి పంపడానికి రైలు, అందుకే మీ సైకిల్ దారి మిల్లుల పక్కనుంచే పోతుంది.

మీ అల్లుడుగారి బనీను మాట నిజమే. ఆ రాయల్ మిల్ నైట్ సోదరులది, ఫ్రూట్ ఆఫ్ ద లూమ్ వాళ్ళ గుడ్డ పేరు, మగ్గం ఇచ్చిన పండు అన్నట్టు. వాళ్ళ గుడ్డ అమ్మే ఒక వ్యాపారి కూతురు తానుల మీద ఆపిల్ బొమ్మలు వేస్తే ఆ తానులు ముందు అమ్ముడుపోయాయట, 1871లో దాన్ని ట్రేడ్‌మార్కుగా రిజిస్టర్ చేయించారు.

అయితే ఆ లేబుల్‌తో పాటు 1922 కూడా గుర్తుపెట్టుకోండి. ఆ జనవరిలో యజమానులు కూలి 20 శాతం కోసి, వారానికి 48 గంటల పని 54 చేశారు, రాయల్ మిల్ కార్మికులు పని ఆపేసి బయటికొచ్చారు, అది చూసి పక్క మిల్లులూ, తర్వాత న్యూ ఇంగ్లాండ్‌లో, అంటే రోడ్ ఐలాండ్ ఉన్న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, చాలా మిల్లులూ ఆగిపోయాయి. ఆ తర్వాత పనంతా కూలి చవకగా ఉన్న దక్షిణాది రాష్ట్రాలకి పోయింది. మీ ఆజంజాహీ 1934లో మొదలై 2002లో మూతపడింది, మూతపడ్డ మిల్లు చుట్టూ ఊరు ఎట్లుంటదో మీకు నేను చెప్పేదేముంది. నాకైతే బిల్డింగులకన్నా కార్మికుల ఇళ్ళే ఎక్కువ చూడాలనిపించేది. ఒకే కప్పు కింద రెండు కుటుంబాలకి రెండు గుమ్మాలు, ఇప్పటికీ జనం ఉంటున్నారు, మెట్ల మీద పూలకుండీలు పెట్టుకుని.

మొదటిరోజు రివర్‌పాయింట్ నుంచి ఆర్కిటిక్ దాకా వెళ్ళి వెనక్కి వచ్చేయండి చాలు. మీ బాపు స్పిన్నింగ్‌లోనా వీవింగ్‌లోనా చేసింది రాయలేదు, వెళ్ళొచ్చాక అది కూడా రాయండి, రాయల్ మిల్ ముందు మీ సైకిల్‌తో ఒక ఫోటో పెట్టి.