సింహం ఉన్నంత మాత్రాన పునీత మార్కు కాదు

మీ ఫ్రేమ్‌లోని పాత అచ్చుబొమ్మలో సింహం ఉందని అందులోని మనిషిని సువార్త రాసిన పునీత మార్కు అనుకున్నారు, బొమ్మ అసలుదేనా అని అడిగారు. పొరపాటు సింహం దగ్గరే జరిగింది. మార్కు సింహానికి సాధారణంగా రెక్కలుంటాయి. మీరు చెప్పినట్టు రెక్కల్లేని సింహం, బక్కచిక్కిన ముసలాయన, పైనుంచి బాకా ఊదే దేవదూత ఉంటే ఆయన బైబిలును లాటిన్‌లోకి అనువదించిన పునీత జెరోము. 1621లో స్పెయిన్‌లో పుట్టిన చిత్రకారుడు రిబేరా చేసిన ఎచింగ్ (రాగిరేకు మీద గీతల్ని ఆమ్లంతో తినిపించి తీసే అచ్చుబొమ్మ) ఇలాగే ఉంటుంది.

ఇక అసలా, నకలా అన్నది:

1. 10 రెట్ల లెన్స్‌తో నీడలు చూడండి. వరసగా పేర్చిన చుక్కలుంటే ఫొటో నకలే, అక్కడితో ఆపేయండి.

2. గీతల చివర్లు చూడండి. ఆమ్లం తిన్న గీత మొద్దుగా ఆగుతుంది, ఉలితో చెక్కింది సూదిలా సన్నబడుతుంది. రిబేరాది ఎచింగ్ కాబట్టి మొద్దు చివర్లే ఎక్కువగా కనిపించాలి.

3. చాలామంది వదిలేసేది ఇదే: ఫ్రేమ్‌లోంచి తీసి కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అంచుల్లో రాగిరేకు నొక్కు చూసి సంబరపడతారు గానీ ఆ నొక్కు నకళ్లకూ వేస్తారు. ఆనాటి చేతి కాగితంలో ఒత్తుగా సన్నగీతలు, వాటికి అడ్డంగా సుమారు 2–3 సెంటీమీటర్ల ఎడంతో మరికొన్ని గీతలు కనిపిస్తాయి. అవేమీ లేకుండా సాదాగా ఉంటే అది 1750ల్లో మొదలైన రకం కాగితం. పాత రేకు మీంచే తర్వాత తీసి ఉండొచ్చు, రిబేరా కాలపు ముద్ర మాత్రం కాదు. గీతలున్నా అదొక్కటే రుజువు కాదు.

అట్టకు అంటించి ఉంటే దయచేసి పీకకండి. కాగితాల పరిరక్షణ తెలిసినవాళ్లకే ఇవ్వండి.