ఆ 27ను దాచకు

తమ్ముడూ,

అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు జిమ్ జోర్న్ మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. సియాటిల్‌లో ఉంటున్నావు, అతను ఆడిన అక్కడి సీహాక్స్ జట్టు మీద నీకున్న ప్రేమ ప్రతి పేరాలో తెలుస్తోంది. కానీ అతని కథను నువ్వు బాగా నున్నగా చేసేశావు.

ముందు డ్రాఫ్ట్ సంగతి. కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకోవడమే డ్రాఫ్ట్ అని చెప్పకపోతే మన పాఠకుడికి అర్థం కాదు. 1975లో 17 రౌండ్లలో 442 మందిని ఎంచుకున్నారు. కాల్ పాలీ పొమోనా కాలేజీకి క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి దాడి నడిపించేవాడిగా ఆడిన జోర్న్ ఆ జాబితాలో లేడు. డల్లాస్ కౌబాయ్స్ జట్టు తీసుకున్నా, సీజన్ మొదలయ్యేలోపే పంపించేసింది. ఇది రాశాక 'గుర్తింపు దక్కని ప్రతిభ' అన్న మాటతో పనేముంది? కొట్టెయ్.

1976లో సీహాక్స్ కొత్త జట్టు. పాత జట్లు వదులుకున్నవాళ్లే అందులో చాలామంది. జోర్న్ పాసులు అందుకున్న స్టీవ్ లార్జెంట్‌ను కూడా హ్యూస్టన్ జట్టు వదిలించుకుంది. ఆ ఏడాది 14 మ్యాచ్‌ల్లో గెలిచింది రెండే. జోర్న్ పాసుల్లో 12 టచ్‌డౌన్‌లయ్యాయి, అంటే గీత దాటి పాయింట్లు తెచ్చాయి, 27 ప్రత్యర్థుల చేతికి చిక్కాయి. నువ్వు 12 రాసి 27 వదిలేశావు. నాకు బాధేసింది అక్కడే. అన్నిసార్లు బంతి పోగొట్టుకుని, మరుసటి వారం మళ్లీ అదే జనం ముందుకు వచ్చి విసిరాడే, ఆ మనిషి నీ వ్యాసంలో లేడు.

తొలిరోజుల్లో నేనూ ఒక రంగస్థల నటుడి గురించి రాస్తూ, ఆయన పద్యం మరిచిపోయి నిలబడిపోయిన రాత్రిని తీసేశాను. అదే మర్యాద అనుకున్నాను. అచ్చయ్యాక ఆయన చదివి, "ఆ రాత్రి ఏదయ్యా?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచలేదు.

1978లో తొమ్మిది గెలుపులు, ఆ తర్వాతి ఏడాదీ తొమ్మిదే. అవి త్వరగా చెప్పి ముందుకెళ్లు. నువ్వు ఆగాల్సింది 1983 దగ్గర. సీజన్ మధ్యలో జోర్న్ స్థానం డేవ్ క్రీగ్‌కు వెళ్లింది. అతన్నీ ఎవరూ డ్రాఫ్ట్ చేయలేదు, చదివిన మిల్టన్ కాలేజీ అప్పటికే మూతపడింది. సీహాక్స్ తొలిసారి ప్లేఆఫ్స్, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీలు చేరింది ఆ ఏడాదే, అప్పుడు జోర్న్ బెంచీ మీద ఉన్నాడు. దీన్ని నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు.

అతని మనసులో ఏముందో ఊహించి రాయకు. లైబ్రరీలో ఆ ఏడాది పత్రికలు తిరగెయ్, అతనేమన్నాడో వెతుకు. దొరికింది నాకు పంపు, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య